బచ్చలి గోడ

ఫోను చేసి తిట్టినాడు వన్నూరప్ప:
"హుసేనప్పా, గోడ కారతాంది.
నువ్వు రంగు కొట్టి ఎనిమిది దినాలు కాలే.
వచ్చి చూసుకో. మిగిలిన దుడ్డు సంగతి ఆమీద."

ఉరవకొండలో నీళ్లు ఎక్కడ కారినా వింతే.
మా వీధి కొళాయి ఐదు దినాలకొకసారి దగ్గుతాది,
దగ్గినంతసేపే నీళ్లు.
అట్లాంటి ఊర్లో
లోపల పైపు కూడా లేని గోడ
చెమట పట్టిందంటే
సైకిలెక్కకుండా ఉంటానా.

బచ్చలి ముందర ఇంటిల్లిపాదీ నిలబడినారు.
లేత చిలకపచ్చ మీద
తేనె రంగు చారలు,
పైనుంచి సగం దాకా దిగి
ఎందుకో మనసు మార్చుకొని ఆగిపోయి
కొసన ఒక్కో బొట్టు, జిగటగా.

"బల్లి ఉచ్చ" అన్నాడు చిన్నోడు.
"వక్కాకు నమిలి ఊసింటారు ఎవురో" అన్నాడు వన్నూరప్ప
నా పండ్ల వైపు చూస్తా.
కోడలు శివలీల మెల్లగా
"ఈడ ముందర ఎవుర్దో సమాధి ఉన్నిందంట" అనింది.
పెన్నోబులమ్మ ఏమీ అనలే.
నోరు తెరిస్తే నీళ్ల లెక్కే మాట్లాడే ముసలామె,
నేను చేతులు కడిగిన నీళ్లు కూడా
కరివేపాకు చెట్టు మొదట్లోనే పడాలన్న ముసలామె
ఆ పొద్దు కొంగు కొస నములుతా నిలబడింది.

వేలు తడిపి చార మీద రుద్దినా.
నురగొచ్చింది.

రంగులో సబ్బుంటాది.
డబ్బాలో నీళ్లకీ పొడికీ పొత్తు కుదిర్చే సబ్బు.
గోడ ఆరి గట్టిపడేదాకా
లోపల గమ్మున కూర్చోనుంటాది.
పచ్చి రంగుకి ఆవిరి తగిలిందా,
బయటికొచ్చి ఇట్ల కారతాది.
సమాధీ లేదు, బల్లీ లేదు.
అందుకే పోయేటప్పుడు చెప్పి పోయినా:
నెల దినాలు గీజరు వేయొద్దండి,
చల్లనీళ్లే పోసుకోండి అని.

ఎవురూ వేయలేదంట. ఒట్టేసినారు.
చిన్నోడు రెండు చేతులతో వేసినాడు.

కానీ ఇది ఒక చెంబు ఆవిరి కాదు.
నడిరేయి తలుపేసుకొని
మిద్దె మీద ట్యాంకు సగం దిగేదాకా
నీళ్ల కింద నిలబడిపోయిన ఆవిరి.

అప్పుడు కనపడింది
చారల నడుమ, నా రొమ్ముకి జానెడు కింద
చెయ్యి ఆనిన గుర్తు.
వంగిన మనిషి గోడ పట్టుకొని
వీపు మీద వేణ్ణీళ్లు పడనిచ్చినట్టు.
నాలుగు వేళ్లు సాపుగా,
చిటికెన వేలు మాత్రం లోపలికి మడిచి.

నాకు టీ గ్లాసు అందిచ్చిన చెయ్యే.
యాభై ఏండ్లు చెనక్కాయ చెట్లు పీకి
మళ్లీ చాచుకోని వేలే.

తిరిగి చూస్తే నన్నే చూస్తాంది,
కొళాయి కాడ వరస తప్పి
బిందె ముందుకి జరిపి దొరికిపోయినట్టు.

గుర్తు మీద నా అరచెయ్యి పెట్టి
నిదానంగా తుడిచేసినా.
"డబ్బాలోనే తప్పుందప్పా.
రేపొచ్చి తడిగుడ్డతో కడిగి పోతా.
ఒక ఐదునూర్లు తక్కువియ్యి" అంటి.
వన్నూరప్ప వెయ్యి పట్టుకున్నాడు.

వాకిలి దాకా వచ్చింది పెన్నోబులమ్మ.
సైకిలు స్టాండు తీస్తాంటే
గొంతు తగ్గించి అడిగింది:
"ఇంకెన్ని దినాలు ఆరల్ల నాయనా, గోడ?"

"ఇరవై రెండు."

అరుగు మీద కూర్చోని
వేళ్లు మడిచి లెక్క మొదలుపెట్టింది,
ముందే మడిచున్న వేలు నుంచి.