పట్టా బిగువు

పుదుపేటలో మూడు ఆదివారాలు తిరిగాను.
ముందు చక్రం తీసి స్కీ బిగించాలి,
వెనక చక్రం చోట రబ్బరు పట్టా.
పెట్టె వచ్చింది, బిగించే కాగితం రాలేదు.

"పట్టా బిర్రుగా లాగు" అన్నాడొకడు.
"వదులుగా ఉంచు, బేరింగు పోద్ది" ఇంకొకడు.
కార్బురేటర్ జెట్ మార్చమన్నవాడూ వద్దన్నవాడూ
నా డబ్బుతోనే టీ తాగారు.
మంచులో నడిపారా అంటే
కూల్‌డ్రింకుల ఫ్రిజ్ వైపు చూశారు.

సందు చివర నాజర్ బాయ్
గొలుసు తుడుస్తూ, తలెత్తకుండా,
"నాకు తెలీదు" అన్నాడు.
ఇన్ని రోజులకి
ఒక మాట మీద కాలు మోపి నిలబడ్డాను.
కాసేపాగి మళ్ళీ తనే:
"కొలుచుకో, రాసుకో. ఒకసారికి ఒకటే మార్చు.
ఐసు గురించా? ఐసు మోసేవాళ్ళనడుగు."

తెల్లారకముందే కాశిమేడు.
చేపల కోసం దంచిన ఐసు గుట్టలు,
చంకలో స్కీతో నేను.
మోకాళ్ళదాకా బూట్లేసుకున్న అంకమ్మ
"ఏందబ్బా, వంజరం కొనను పలకతో వచ్చినావా?"
అని నవ్వి, లాక్కుని,
గుట్ట మీద పెట్టి ఒక్క తోపు తోసింది.

"పొడి ఐసు మీద జారతాది.
కరిగేదాని మీద పట్టుకుంటాది.
చూడు, ఎడంపక్కకి లాగతా ఉండాది.
మడమ కాడ వంకరుందేమో."

ఉంది. రెండు మిల్లీమీటర్లు.
నోటుబుక్కు తీసి తేదీ వేశాను,
పేజీకి ఒక పొలుసు అంటుకుంది.
కింద గీత గీసి రాశాను:
పట్టా బిగువు —
ఇంకా తెలీదు.