మూడో కార్డు

చిప్స్ పొట్లానికి ఒక్కటి.
ఐదు కూడితేగానీ ఆట తెరుచుకోదు.
హకొదాతే రేవు దగ్గర, ట్రామ్ మలుపు తిరిగే చోట
ఫుమియే గారి కొట్లో
ఆ చలికాలం ఉప్పు చిప్స్ అన్నీ మేమే తిన్నాం.
నాలుకలు పొక్కాయి.
నాలుగో నంబరే ఏడుసార్లు వచ్చింది.

మూడోది కెన్సాకు దగ్గరుంది,
లెక్కల పుస్తకంలో పేజీ గుర్తుగా.
మా అన్న ఇసాము
రెండు మెరుపు కార్డులూ, వాడని రబ్బరూ ఇచ్చి,
వారంపాటు వాడి వంతు తరగతి గది తుడిచి
దాన్ని ఇంటికి తెచ్చాడు.

కార్డు అంచున చీమల బారులాంటి చుక్కలు.
రీడరు గాడిలో పెట్టి
ఊపిరి బిగబట్టి లాగాలి.
తొందరపడితే చదవదు, జంకినా చదవదు.
ఐదోది జారగానే
అరచేతంత తెర నల్లబడి
కీచుమని ఓ రాగం తీసి
ఒక స్క్విడ్‌ని చూపించింది.

అంతే.
పైనుంచి పడవల దీపాలు దిగుతుంటాయి,
స్క్విడ్ ఎడమకో కుడికో తప్పుకోవాలి.
మూడు ప్రాణాలు, రెండు మీటలు.
"కొండను తవ్వి ఎలుకను పట్టారు"
అంది అమ్మ, బియ్యం కడుగుతూ.
మాకు ఆ ఎలుకే ఏనుగు.
మిషన్ ఆపితే ఆట చెరిగిపోయేది,
రోజూ సాయంత్రం మళ్ళీ ఐదూ లాగేవాళ్ళం.

నాన్న వేటకెళ్ళే పడవకి నలభై దీపాలు.
రాత్రి కిటికీలోంచి చూస్తే
సముద్రం మీద ఇంకో ఊరు వెలిసినట్టుండేది.
ఆయన అక్కడ పట్టేవాటిని
మేం ఇక్కడ దుప్పటి కింద తప్పించేవాళ్ళం.
పొద్దున్నే వాటినే సన్నగా తరిగి
అల్లంతో తినేవాళ్ళం.
అందులో మాకు తిరకాసేమీ కనపడలేదు.

గాలివాన పట్టి పడవలు కదలని రోజు
"ఏదీ" అని చెయ్యి చాచాడు నాన్న.
ఉప్పుకి పగిలిన బొటనవేలి కింద
మీట కనిపించనే లేదు.
దీపం దిగింది.
తిన్నగా దాని కిందికే నడిపాడు.
"నాన్నా, పారిపోవాలి!"
రెండోదాని కిందికీ. మూడోదాని కిందికీ.
స్కోరు సున్నా.
"ఈ ఆట చేసినవాడు సముద్రం చూళ్ళేదు.
వెలుగు కనిపిస్తే ఇది పారిపోదమ్మా, వస్తుంది.
అందుకేగా మనం తింటున్నాం."
మిషన్ని నా ఒళ్ళో పెట్టి
కిటికీలోంచి గాలిని చూస్తూ కూచున్నాడు.

మార్చిలో మూడో కార్డు
ఇసాము చొక్కాజేబులో ఉతుకుడికి పోయింది.
భూతద్దం పట్టుకుని, సన్న పెన్సిలుతో
మిగిలిన మరకల మీద
పదకొండు రోజులు చుక్కలు దిద్దాను.
చదవలేకపోయాను, దయచేసి మళ్ళీ ప్రయత్నించండి,
అంది తెర, ఎంతో మర్యాదగా,
లాగిన ప్రతిసారీ.

మొన్న ఒసాకాలో, పాత సామాన్ల దుకాణంలో
ఐదు కార్డులూ ప్లాస్టిక్ కవరులో,
ఒక్క గీత పడకుండా.
ధర అడిగి, బయటికొచ్చి, ఇసాముకి ఫోన్ చేశాను.
వేటకెళ్ళలేదు వాడు, ట్రామ్ నడుపుతాడు.
"మూడోది కూడా ఉందా?" అన్నాడు ముందుగా.
కాసేపు గంట మోత తప్ప ఏమీ లేదు.
"కొనకు. నువ్వు దిద్దింది నా దగ్గరే ఉంది.
అప్పుడప్పుడూ లాగి చూస్తుంటాను."

"చదువుతుందా?"

"ఎక్కడ!
ఇంకా మర్యాదగానే ఉంది."