ఒకే గూడు

వేలూరు నుంచి టమాటా ట్రేలో
ఆరు కౌజు పిట్టల్ని తెచ్చినాడు మా చెంగల్రాయుడు.
పైన తడిపిన గోనెపట్టా,
లోపల ఆరు గుప్పెళ్ల గుండెదడ.
"కోళ్లున్నాయి గదక్కా, వాటితోనే పడుంటాయిలే."

పడుంటాయిలే.
ఈ ఇంటికి నేనొచ్చిన రోజు
వసారాలో ఎవరో ఇదే మాట అన్నట్టు గుర్తు.

గూడంటే పెద్దగా ఏమీ లేదు.
పాకాల రైలుకట్ట పక్కన మా పెరట్లో
పాత బీరువా పలకలు నాలుగు,
పైన రేకు, రేకు ఎగరకుండా తిరగలిరాయి.
లోపల నాలుగు పెట్టలు, ఒక డేగపుంజు.
అందులో బూడిదపెట్ట పెద్దది.
అది ఊ అంటే గానీ నూక ఒకటి కదలదు.

మొదటిరోజు చూసినాయి.
రెండోరోజు మెడలు సాచి చూసినాయి.
మూడోరోజు నేను
రెడ్డోరి పెళ్లి జాకెట్లకు హుక్కులు కుడతా ఉంటే
పెరట్లో టప్‌మని చిన్న చప్పుడు.

కౌజు బెదిరితే పక్కకు పోదు,
నిట్టనిలువునా లేస్తుంది.
ఆకాశం ఉంటుందనుకునింది పాపం,
రేకు ఉన్నింది.
కింద పడిన పిట్ట నెత్తిమీద
బూడిదది పొడిచిన చోటు కుంకంబొట్టంత.

ఐదు.

పశువులాసుపత్రి పీరాంసాబు
సైకిలు దిగకుండానే, ఒక కాలు అరుగుమీద ఆనించి చెప్పినాడు:
"కోడికి జలుబైతే కౌజుకు చావు తల్లీ.
కోడి లోపల దాచుకుని తిరిగే రోగం
ఈ పిట్ట ఒక్క రాత్రి కూడా మొయ్యలేదు.
నీళ్లు వేరే పెట్టు, గూడు వేరే కట్టు."
"ఇంత జాగాలో రెండు గూళ్లా సాబూ?"
"జాగా కాదమ్మా, జాలీ."

జాలీ కట్టినాను.
కౌజుల పక్క రేకు తీసేసి
చినిగిన దోమతెర రెండు మడతలేసి కుట్టినాను.
ఇప్పుడు ఎగిరితే మెత్తగా తగిలి
తామే ఆశ్చర్యపడి దిగుతాయి.

ఒకనాడు తలుపు మరిచినాను.
పొద్దు వాలితే కోడికి ఎవరూ చెప్పక్కర్లేదు,
తనంతట తాను మెట్టెక్కి గూట్లోకి పోతుంది.
కౌజుకు ఇల్లు అనే మాటే రాదు.
గురవరాజు చెనిక్కాయల చేలో
బ్యాటరీలైటు పట్టుకుని తొమ్మిదింటి దాకా వెతికినాను.
ఆకు కదిలినచోటల్లా అదే అనుకున్నాను.
అర్ధరాత్రి ఎక్కడో మూడు ముక్కల కూత.
పిలిచినట్టు లేదు,
తప్పిపోయినట్టూ లేదు.

మిగిలిన నాలుగూ గుడ్లు పెట్టినాయి,
పెట్టినచోటే వదిలేసి పోయినాయి.
సిరా చిందినట్టు మచ్చలు,
ఎవరో రాయబోయి మానుకున్నట్టు.
ఇవతల నల్లపెట్ట పొదుగుకొచ్చి
ఉత్త నేలమీద కూర్చుని కురకురమంటా ఉన్నింది.
దాని కింద ఎనిమిది సర్దినాను.
పీరాంసాబుకు చెప్పలేదు.

ఇరవైయొక్క రోజుల లెక్క దానిది.
పదిహేడోనాడే కడుపు కింద కదలిక.
లేచి చూసుకునింది.
నా మిషను బాబిన్లకు కాళ్లొచ్చినట్టు
ఐదు.
ఒకటి దాని కాలి కిందే పోయింది.
నల్లది ఆ కాలు ఎత్తి
చాలాసేపు ఎక్కడ దించాలో తెలియక
అట్లే నిలబడింది.

పదిరోజులకు పిల్లల్ని జాలీ అవతలికి మార్చినాను.
అరిచింది. రెండురోజులు నూకలు ముట్టలేదు.
తర్వాత మెట్టెక్కడం మానేసింది.

పుంజు పిలిచినా పోదు.
రాత్రయితే కింద, జాలీకి ఒరిగి పడుకుంటుంది.
అవతల వైపు అదేచోట
నాలుగు చిన్న వీపులు ఒత్తుకుని.

పొద్దున తవుడు కలపబోతే
నల్లదాని పక్కఈకల మీద
జాలీ గళ్లు అచ్చుపడి ఉంటాయి.
ఒళ్లు విదిలిస్తే పోతాయి.
అది విదిలించదు, కాసేపు.