మూడో చుట్టులో గోడ

డౌన్‌లోడ్ అరవై రెండు శాతం దగ్గర ఆగి కూర్చుంది.
ఈలోగా పుల్లదోసకాయల సూప్ వేడిచేశాను,
చల్లారింది, మళ్ళీ వేడిచేశాను.
పాతికేళ్ళు ఆగినదాన్ని
ఇంకో గంట ఆగలేనా?

పాతదానికి ఈ బాధ లేదు. దాని బాధ వేరు:
పెట్టెను తలకిందులుగా పెడితే తప్ప డిస్కు తిరిగేది కాదు.
వెల్లకిలా పడ్డ తాబేలులా అది,
దాని చుట్టూ బోర్లా పడుకుని మేం:
నేను, అన్న వితోల్డ్, పక్క వాటా సెవెరిన్.
గ్దాన్స్క్‌లో, సముద్రపు అలలా వంపులు తిరిగిన
ఆ పొడవాటి భవనం ఏడో అంతస్తులో.
డిస్కు సంతలో కొన్నది. మీద మార్కర్‌తో ఆట పేరు,
అదీ అక్షరం తప్పు.

ఇప్పుడు చూడండి,
బాతు మెడ మీద ఈకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు.
అప్పుడు దాని మొహం ఆరు పలకల పసుపు ముద్ద,
కళ్ళజోడంటే రెండు నల్ల చుక్కలు.
మంచుగనిలో లాంతర్ల వెలుగు
చక్రాల కింద నీలంగా పగిలి పారుతోంది.
ఒట్టు, కళ్ళు చెమర్చాయి.
మలుపులో బండిని పక్కకు జార్చి
పొగ ఎర్రబడే క్షణానికి బొత్తాం వదిలితే
వీపు మీద ఎవరో చరిచినట్టు ఆ ఊపు!
బ్యాంకు పిన్ను మర్చిపోయే ఈ వేళ్ళు
దాన్ని మర్చిపోలేదు.

ఆ తర్వాత అంగడి తెరుచుకుంది.
తాబేలుకు టోపీ: పద్దెనిమిది వందల నాణేలు.
పందేనికి వచ్చేవి నలభై.
రేవులో జీతాల గుమాస్తాని, లెక్క వేయకుండా ఉండలేను.
నలభై ఐదు పందేలు, ఒక్క టోపీకి.
రేపు సాయంత్రానికి ఆ టోపీ కొట్లో ఉండదట.
తొందరుంటే కార్డు గీకాలట.
మాకు టోపీలు లేవు. ఓడినవాడు
ఏడంతస్తులు దిగి
పొద్దుతిరుగుడు గింజల పొట్లం తేవాలి, అంతే.

నెట్‌లో ఎవరో, పేరు బదులు అంకెలు,
నాకంటే అర చుట్టు ముందున్నాడు.
తిట్టడానికి నోరు తెరిచాను.
మోచేత్తో పొడవడానికి పక్కన డొక్క లేదు.

సరే, ఇవన్నీ ఓర్చుకుంటాను.
మంచుగని, మూడో చుట్టు, వంతెన దాటాక ఎడమన గోడ.
అక్కడొక లోపం ఉండేది.
జ్వరమని బడి ఎగ్గొట్టిన రోజు సెవెరిన్ కనిపెట్టాడు:
తాబేలుతో, తాబేలుతో మాత్రమే,
వంకరగా గుద్దితే గోడ ఒప్పుకునేది.
లోపల ఎవరూ బొమ్మ గీయని చోటు.
నేల లేదు, ఆకాశం లేదు,
ఊదారంగులో రెండు సెకన్లు రాలిపోయి
బండి గెలుపు గీతకు అవతల తేలేది.
మోసమని వితోల్డ్ వారం మాట్లాడలేదు.
తర్వాత వాడూ తాబేలే తీసుకున్నాడు.

ఇవాళ గుద్దాను. ఎనిమిదిసార్లు. తాబేలుతోనే.
గోడ ఎంత బాగుందో!
రాయి రాయికీ నాచు, నాచు మీద జారే నీటిబొట్టు.
ఎవరో శ్రద్ధగా, పాత తప్పుల జాబితాలో
దీని పక్కన టిక్కు పెట్టుకుని ఉంటారు.
వాళ్ళననేం లాభం? జీతాల పట్టీలో కన్నం కనిపిస్తే
నేను మాత్రం పూడ్చనా?

సెవెరిన్ నార్వేలో ఉన్నాడు, చేపల ఓడలకు వెల్డింగ్.
మెసేజ్ పెట్టాను: 'గోడ మూసేశారు.'
అర్ధరాత్రి జవాబు:
'ఏ గోడ?'

పొద్దున్న లేచేసరికి కలీనా ఆడుతోంది.
పన్నెండుమందిలో పదకొండో స్థానం.
వంతెన మీద బండి ఆపేసి కూర్చుంది,
వెనక నుంచి అందరూ గుద్దుకుంటూ పోతున్నా.
'పోనీవే' అన్నాను.
'ఉండమ్మా, ఇక్కడ ఆపితే
వాల్రస్ తుమ్ముతుంది.'

నిజమే. మీసాలు వణికాయి. తుమ్మింది.
సూప్ గిన్నె పట్టుకుని పక్కన చతికిలబడ్డాను.
ఏదీ, మళ్ళీ ఆపు.