నూట పద్నాలుగో పేజీ

గంటస్తంభం వెనక సందులో
దువ్వు పకీరు కొట్టు, రోజుకి పావలా అద్దె.
వియన్నా నగరం మాకు అక్కడే దొరికేది.
మంచు ఎరగని నెల్లిమర్ల వాళ్ళం
మంచులో అడుగుజాడలు చెరపడం నేర్చుకున్నాం.

నైట్ షిఫ్ట్ దిగి, కనుబొమల మీది గోగునార దులుపుకోకుండానే
మజ్జి గౌరీసు చివరి పేజీలు ముందు చదివేసేవాడు.
"ద్రోహి ఎవుడో తెలిస్తే గానీ నాకు నిద్దరట్టదు."
కాంపౌండరు రామ్మూర్తి గారు
గూఢచారి కపర్ది వాడిన రహస్య లిపిలోనే
తనకి రావలసిన బాకీలు రాసుకునేవారు.
ఆయన పోయాక కొడుకులు ఒక్క పైసా వసూలు చెయ్యలేకపోయారు.

ముప్ఫై ఎనిమిది నవలలు,
ఒక్కదాని మీదా లెంక సాంబమూర్తి ఫొటో లేదు.
రెండుసార్లు సరిహద్దు దాటొచ్చాడని కొందరు,
రాజాం దాటి ఎరగడని కొందరు.
మేం రెండూ నమ్మేవాళ్ళం.

ముప్ఫై తొమ్మిదోదాని అట్ట మీద తుపాకీ లేదు.
చూరుకి వేలాడే ఇనప తీగ, దానికి గుచ్చిన ఉత్తరాలు.
"ఇది ఆడదు బావూ" అన్నాడు పకీరు.

కపర్ది కూడా లేడు అందులో.
పదేళ్ళ గుంటడున్నాడు.
మా మిల్లు లైన్లలో అప్పటికి చదువొచ్చినవాడు వాడొక్కడే.
టిటాగఢ్ నించీ ఖరగ్‌పూర్ నించీ మొగుళ్ళు పంపిన కార్డులు పట్టుకుని
ఆడవాళ్ళు వాడి అరుగెక్కేవారు, ఉత్తరానికి ఒక బెల్లం ముక్క.
ముందు కార్డు చదివేవాడు, లోపల్లోపల.
తరవాత ఆవిడ మొహం చదివేవాడు.
గొంతు విప్పడం ఆ తరవాతే.

మునపటి ముప్ఫై ఎనిమిదీ
ఆ అరుగు మీంచే రాశాడని మాకప్పుడు తెలిసింది.

చంపావతి ఇసకలో ఆదివారాలు ఆ పుస్తకం చుట్టూ కూర్చున్నాం.
ఎవరి బొటనవేలి ముద్ర వాళ్ళం వదిలి పక్కవాళ్ళకిచ్చాం.
లైన్లలో ముసలమ్మలు పాత తీగల్నించి కార్డులు పీకి
మనవల చేత మళ్ళీ చదివించుకున్నారు.
కొన్నిళ్ళలో ఆ పూట పొయ్యి వెలగలేదు.
గౌరీసు అలవాటుగా చివర్నించి మొదలెట్టి
వారం తరవాత తేలాడు:
"ద్రోహి ఆఖర్న లేడర్రా. మొదటి లైన్లోనే ఉన్నాడు.
'నేను' అని రాసుకున్నాడు."
ఆ రోజింక ఎవరం మాట్లాడలేదు.

నూట పద్నాలుగో పేజీలో ఒకావిడ.
మరమగ్గం కొరికేసిన చిటికెనవేలు, ఎడమ చేతిది.
కార్డు తలకిందులుగా పట్టుకుంది.
ఇక్కడ ఇంకో సంసారం పెట్టాను, నాకోసం చూడకు, అనుంది అందులో.
గుంటడు చదివాడు:
"పని వొత్తిడి. గుంట జాగర్త. వానలు తగ్గాక వస్తాను."
ఆవిడకి వాడు వేరే పేరు పెట్టాడు.
వేలు మాత్రం మా అమ్మదే.

ఆ కార్డు మా బియ్యం డబ్బాలో ఉండేది.
నాకు అక్షరాలు కుదిరిన ఏడు, తొలకరికి,
తీసి నా చేతికిచ్చింది. "సదువే."
చదివాను, లోపల్లోపల.
అమ్మ మొహం చూశాను.
"పని వొత్తిడి. గుంట జాగర్త. వానలు తగ్గాక వస్తాను."
అక్షరం పొల్లు పోలేదు; ఏళ్ళ తరబడి ఆమె నోటే విన్నవి కదా.
అమ్మ నన్ను కాసేపు చూసింది.
కార్డు తీసుకుని, బియ్యంలో ఇంకాస్త లోతుకి దూర్చి,
ఎసరు పెట్టింది.

కపర్ది ఎన్నోసార్లు చెప్పాడు:
రెండు నివేదికలు మాటకి మాట కలిస్తే
రెండూ అబద్ధమే.
అమ్మ ఒక్క నవలా చదవలేదు.

పై ఆదివారం రామ్మూర్తి గారు ఆ పేజీ పైకి చదివారు.
కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు.
"ఎంత బాగా కల్పించాడండీ!"
"అవునండి" అన్నాను,
ఇసకలో వేరుశెనగ తొక్కలు ఏరుతూ.