శనివారం తాళాలు

పదకొండు ఇళ్ల తాళంచెవులు నా నడుముకి.
మెడలో గంట కట్టిన మేకలా
నేనొస్తున్నానని వీధికి ముందే తెలుస్తుంది.
మా ఒల్యావ్ రేవులో శనివారమంటే
ఒకరు దిగి ఒకరు ఎక్కే రోజు.
పదకొండింటికి వాళ్లు ఖాళీ చేస్తారు,
మూడింటికి వీళ్లొస్తారు.
మధ్య నాలుగు గంటలూ ఇల్లు నాది.

సెలవులకొచ్చినవాళ్లు సొమ్ము ఎక్కడ దాస్తారో
నన్నడగండి.
బియ్యం డబ్బాలో. ఆరని మేజోళ్ల మడతలో.
ఫ్రీజర్లో, బఠాణీల పొట్లం కింద
గడ్డకట్టిన యూరోలు.
పొయ్యి లోపల పాస్‌పోర్టులు పెట్టి
ఒకాయన ఆ సాయంత్రమే చేపలు కాల్చబోయాడు.
రోటర్‌డామ్ నించి వచ్చిన ముసలావిడ
ముత్యాల దండని టీ పొడిలో పాతి
వెళ్లేటప్పుడు మరిచిపోయింది.
నా డబ్బులతో పోస్టులో పంపాను.
అందింది, ఒక ముత్యం తక్కువుంది, అని జవాబు.
నా లెక్కే తప్పింది, అని మరుసటి నెల ఇంకో కార్డు.
మొదటిది దాచాను.
రెండోది ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

అల్మారాలో ఇనప్పెట్టె ఉంది, గోడకి బిగించి.
దాన్నెవరూ నమ్మరు,
యజమానికి అంకె తెలుసు కదా అని.
అంసెల్మో గారికి తెలుసు. నాకూ తెలుసు.
ఆయన పెళ్లయిన సంవత్సరం.
ఆయనవి నాలుగిళ్లు, నాలుగింటికీ అదే.
మార్చమని మూడేళ్లుగా చెబుతున్నా.
పెళ్లి మారింది గానీ అంకె మారలేదు.

పోయిన ఆగస్టులో నిజంగానే దొంగ పడ్డాడు.
ఇక్కడి డాబాలు భుజం భుజం రాసుకుని ఉంటాయి.
చిన్నప్పుడు మేం పరుగెత్తిన దారే వాడిదీ.
కింది తలుపుకి రెండు గడియలు వేసి,
పైన తువ్వాళ్లు ఆరేసిన తలుపు గాలికి వదిలేసి
గుల్లల కూర తినడానికి వెళ్లారు వాళ్లు.
రెండు లాప్‌టాప్‌లు, కెమెరా,
పాప గులాబిరంగు గడియారం.
బియ్యం డబ్బా వైపు వాడు కన్నెత్తైనా చూడలేదు.

పొద్దున్నే నన్ను పిలిపించారు.
పోలీసు కుర్రాడు తెలిసినవాడే, తెరెజిన్యా కొడుకు.
పుస్తకంలోంచి తల ఎత్తకుండా అడిగాడు:
తాళంచెవులు ఎవరెవరి దగ్గరున్నాయి?
నేనేం తియ్యలేదు.
అయినా గుమ్మడికాయల మాట వినపడగానే
భుజం మీదకి పోయింది చెయ్యి.
ఇంకో ఇంటి తడిగుడ్డ ఉంది అక్కడ.

పాప తల్లి నా వైపు చూడలేదు.
చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడిందో
నేను చూశాను.

ఇప్పుడొచ్చేవాళ్లకి నేనే చెబుతాను.
పై తలుపు గడియ మరవకండి.
ఉన్నదంతా ఒక్కచోట పెట్టకండి.
పడవెక్కి దీవికి పోతున్నాం, రాత్రికి గానీ రామని
కాఫీ కొట్లో గట్టిగా అనకండి.
బుద్ధిగా తలూపుతారు.
నేను గుమ్మం దాటాక
నాకు భయపడి చోటు మారుస్తారు.

ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు.
మా ఇంటి గడియ విరిగి ఆరేళ్లు.
మా తమ్ముడు జెఫెరీనుకి
పేకముక్కల మీదున్న నమ్మకం దేవుడి మీద లేదు.
అమ్మ కుట్టుమిషను పోయింది.
గుల్లలు వండే రాగిపాత్ర పోయింది.
నాన్న పడవ ఉంది, ఇంజను పోయింది.
తాళం వేస్తే తాళం కూడా అమ్ముకొస్తాడు.

అందుకని అమ్మ చెవిపోగులు
ఈ ఇంటి స్నానాలగదిలో,
బేసిన్ కింద కదిలే నీలం పలక వెనక ఉన్నాయి.
మూడు రాత్రులుండేవాళ్లు పలకలు కదపరు.
తాము దాచుకున్న దాని చుట్టూనే తిరుగుతారు.

ప్రతి శనివారం, దుప్పట్లు తియ్యకముందే,
మోకాళ్ల మీద కూర్చుని పలక జరుపుతాను.
దొంగ పడ్డ పొద్దున కూడా
పోలీసూ, అంసెల్మో గారూ, ఏడ్చే పాపా హాల్లో ఉండగా
నేల తుడవాలని చెప్పి లోపలికెళ్లాను.
కాసేపు వేళ్లకి సున్నం తప్ప ఏమీ తగల్లేదు.
ఆ తల్లి కంటే నేనే ఎక్కువ వణికి ఉంటాను.

ఉన్నాయి.
పలక మూసి,
అన్న మాట కోసం
నేల తుడిచాను.