ముకుతాడు, గుప్పెడు ఉలవలు

నా ఉద్యోగం అంకెల్ని గిల్లడం.
గొడ్డలి వీరుడి దెబ్బ నలభై రెండుంటే
నలభై చేసి, లైటార్పి ఇంటికి పోతాను.
మర్నాడు పదివేలమంది పిల్లకాయలు
నన్ను తిట్టుకుంటూ నిద్ర లేస్తారు.

నెర్ఫ్, బఫ్ అంటారు మా ఫ్లోర్లో.
కదిరిలో మా జేజి అయితే
బలిసినదానికి ముకుతాడు,
బక్కదానికి గుప్పెడు ఉలవలు అనేది.
ఏ బడికీ పోని మనిషి.
సంతలో ఎద్దుల్ని జత కుదిర్చేది.

పోయిన జూన్‌లో ఆ విద్య నామీదే ప్రయోగించుకున్నాను.
హెచ్చెస్సార్ లేఅవుట్‌లో మూడో అంతస్తు గది,
మంచం ఎదురుగా తెల్లబోర్డు.
నిద్రకి కోత. తెల్లవారుజాముకి బలం.
కాఫీ మూడింతలు.
బస్సులో చెవుల నిండా జర్మన్ పాఠం,
వంట చేస్తూ మీటింగు,
మీటింగులో కూర్చుని రేపటి వంట.
ఏ గంట చూసినా ఉలవలే ఉలవలు.

తొమ్మిదోరోజు రాత్రి
దిగాల్సింది అగరలో,
కళ్ళు తెరిచింది బనశంకరిలో.
కండక్టరు కన్నడంలో పిలిచి,
పలక్కపోతే తమిళంలో పిలిచి,
చివరికి తెలుగులో
"అమ్మణ్ణీ, బండి ఇంగ పోదు" అన్నాడు.

నాకు తెలియని సంగతేం కాదు,
చేరిన వారంలోనే నేర్పారు.
అందరికీ బలం పెంచితే ఎవరికీ పెంచనట్టే.
ఆట మాత్రం తొందరగా అయిపోతుంది.

మా పెద్దాయన బోపయ్య, కొడగు మనిషి,
జేబులోంచి మిరియం గింజ తీసి నములుతూ
ఒకటే చెప్తాడు:
ఒకసారికి ఒక అంకె.
రెండు ముట్టుకున్నావా,
ఏది పనిచేసిందో దేవుడికీ తెలీదు.

బోర్డు తుడిచేశాను.
మంచానికీ ఫోనుకీ మధ్య దూరం ఒక్కటే మిగిల్చి
సున్నా కొట్టేసి ఏడడుగులు అని రాశాను.
రెండువారాలు ఇంకేదీ ముట్టుకోలేదు.
గిన్నెలు సింకులోనే ఉన్నాయి.
జర్మన్ భాష జర్మనీలోనే ఉంది.
పొద్దున మాత్రం ఒక ఇరవై నిమిషాలు
ఉతికిన జీన్సు జేబులో నోటులా
నలిగి, తడిసి, దొరికాయి.
వాటితో ఏమీ చెయ్యలేదు.
అదీ రాసుకున్నాను.

మా ఆటలో దివిటీ మల్లి అని ఒకతె ఉంది.
కొట్టలేదు, పరిగెత్తలేదు,
గుహలో వెలుగు పట్టుకుని నిలబడుతుంది.
వందలో ఇద్దరు ఎంచుకుంటారామెని.
తీసేద్దామని మీటింగు పెట్టారు.
లెక్కలు తెరిచి చూస్తే
ఆ ఇద్దరు
గెలిచినా ఓడినా మళ్ళీ మల్లినే పిలుస్తున్నారు,
నాలుగువందల ఆటలుగా.
చెయ్యెత్తి, ఆమె జోలికి పోవద్దన్నాను.
ఎందుకూ అన్నాడు బోపయ్య.
జవాబు లేదు.
జేజి మాట కూడా ఏదీ గుర్తు రాలేదు.

నా రోజులోనూ అలాంటిదొకటుంది,
సాయంత్రం నాలుగూ ముప్పావు.
ఏ పనికీ లొంగదు.
ఆఫీసు మిద్దెమీద నీళ్ళట్యాంకు నీడలో
క్యాంటీను ఓబులమ్మ కాయలు ఒలుస్తుంటుంది,
ఈ ఊరికి అవరేకాయ, మాకు అనపకాయ.
నేనూ గొంతుక్కూర్చుని నాలుగు గుప్పెళ్ళు పితుకుతాను.
నానిన తోలు జారి
పప్పు ఎగిరి ఆమె ఒళ్ళో పడుతుంది.
పెద్దగా మాటలుండవు.
కింద ఔటర్ రింగురోడ్డు
జానెడు కదిలి ఆగుతుంది.
ఆ గంటకి ఎన్నిసార్లు బోర్డు ముందు
మార్కరు మూత తీసి నిలబడ్డానో,
కోత పెట్టాలనీ, బలం పెట్టాలనీ.
సిరా ఆరిపోయింది గానీ చెయ్యి కదల్లేదు.

రేపు కొత్త ప్యాచ్ వెళ్తుంది.
గొడ్డలి వీరుడికి ఇంకొక్క అంకె తగ్గించాను,
తిట్లు ఎలాగూ తప్పవు.
ఫోను డెస్కుమీదే బోర్లించి పైకి వెళ్ళాలి.
ఇవాళ పెద్ద గంప తెస్తానంది ఓబులమ్మ.